మెట్లు సరే, ఆ తర్వాత క్యూ మాట ఏమిటి?

ప్రశ్న: నా వయసు 45. విజయవాడలో ఒక చీరల దుకాణంలో పదిహేనేళ్లుగా సేల్స్‌లో పనిచేస్తున్నాను. ఉదయం పది నుంచి రాత్రి తొమ్మిది దాకా నిలబడే పని. ఎడమ కాలి పిక్క మీద నరాలు మెలికలు తిరిగి ఉబ్బాయి. సాయంత్రానికి చీలమండ వాస్తుంది, కాలు బరువెక్కుతుంది. రాత్రి పిక్క పట్టేస్తుంది. ఈ మధ్య చీలమండ లోపలివైపు చర్మం నల్లబడి దురద పెడుతోంది. డాప్లర్ స్కాన్ తీసి వెరికోస్ వెయిన్స్ అన్నారు. లేజర్ చేయించుకోమని, ఈలోగా బిగుతు మేజోళ్లు వేసుకుని వ్యాయామం చేయమని చెప్పారు. ఏ వ్యాయామమో చెప్పలేదు. మా ఆడపడుచు తనతో జిమ్‌కు రమ్మంటోంది. మా అత్తగారేమో ఎక్కువ నడిస్తే నరాలు చిట్లిపోతాయి, కాలు కదపవద్దు అంటున్నారు. అబ్బాయికి ఉద్యోగం వస్తే అలిపిరి మెట్ల దారిన కొండకు నడిచి వస్తానని మొక్కుకున్నాను. ఉద్యోగం వచ్చింది. ఎక్కవచ్చా? బీపీకి ఆమ్లోడిపిన్ వాడుతున్నాను. షుగర్ లేదు. దయచేసి పేరు వేయవద్దు.

సమాధానం: అమ్మా, ముందు మీ అబ్బాయికి అభినందనలు. మీరు మొక్కు తీర్చుకోవచ్చు. వచ్చే వారమే బయలుదేరకండి, అంతే. రెండు మూడు నెలలు కాలిని సిద్ధం చేసుకుని, మీ డాక్టరుతో మాట్లాడి వెళ్లండి. నిజానికి మీ ఉత్తరంలో నన్ను కంగారు పెట్టినవి 3550 మెట్లు కావు. కౌంటరు వెనక రోజుకు పదకొండు గంటల నిలుపు. కొండ మీద కూడా మీ కాలికి అసలు పరీక్ష మెట్ల దగ్గర కాదు, మెట్లన్నీ ఎక్కాక నిలబడవలసిన క్యూ దగ్గర ఉంది. ఆ సంగతి చివర చెబుతాను.

మీ అత్తగారి భయం నాకు అర్థమవుతుంది. ఉబ్బి, మెలి తిరిగిన నరాన్ని చూస్తే ఇవాళో రేపో పగిలేలాగే ఉంటుంది. కానీ కాలు కదపకుండా కూర్చోబెట్టడం ఈ జబ్బుకు వైద్యం కాదు. దాన్ని పెంచి పోషించడం.

గుండె రక్తాన్ని పాదం దాకా నెట్టగలదు. పాదం నుంచి మళ్లీ పైకి తెచ్చే బరువు మాత్రం చాలావరకు పిక్క కండరం మీదే ఉంది. అడుగు వేసిన ప్రతిసారీ ఆ కండరం బిగుసుకుని తన మధ్య నుంచి పోయే లోతు సిరలను పిండుతుంది, రక్తం పైకి లేస్తుంది. లేచిన రక్తం జారిపోకుండా సిరల లోపల కవాటాలు వెంటనే మూసుకోవాలి. మీకు చర్మం కింద ఉన్న సిరల్లో, అంటే మీరు నరాలంటున్నవాటిలో, ఆ కవాటాలు సరిగా మూసుకోవడం లేదు, అందుకే రక్తం కిందికి జారి అక్కడే నిలుస్తోంది. కదలకుండా నిలబడితే పాదం దగ్గర సిరలో ఒత్తిడి, బీపీ కొలిచే అదే కొలతలో, 80 నుంచి 90 దాకా ఉంటుంది. ఇది ఎవరికైనా అంతే. ఆరోగ్యంగా ఉన్నవారు పది అడుగులు వేస్తే అది 30 లోపుకు దిగిపోతుంది. కవాటాలు పాడైనవారికి అంతగా దిగదు, నడక ఆపిన కొన్ని సెకన్లకే మళ్లీ ఎక్కిపోతుంది. అయినా నిలబడి ఉన్నప్పటికన్నా నడిచేటప్పుడు తక్కువే. మీ వ్యాయామం మొత్తం ఈ ఒక్క విషయం మీద నడవాలి: చీలమండ కదలాలి, పిక్క బిగిసి వదలాలి.

ఒకటి మాత్రం ముందే తెలుసుకోండి. ఏ వ్యాయామమూ పాడైన కవాటాన్ని బాగుచేయదు, ఉబ్బిన నరాన్ని మాయం చేయదు. నెల రోజుల్లో నరాలు అణిగిపోతాయని వీడియోల్లో చెప్పేవారిని చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. వ్యాయామం వల్ల పిక్క బలపడుతుంది, వాపు, బరువు తగ్గుతాయి, పుండు పడే ప్రమాదం వెనక్కి జరుగుతుంది. అది తక్కువ లాభమేమీ కాదు.

ఇక మీరు ఒక్క వాక్యంలో రాసి వదిలేసిన సంగతి. చీలమండ లోపలివైపు నలుపు, దురద. రక్తం అక్కడ నిలిచీ నిలిచీ ఎర్ర కణాలు సన్నని రక్తనాళాల గోడలు దాటి చర్మంలోకి చేరతాయి. అవి విచ్ఛిన్నమైనప్పుడు మిగిలే ఇనుము రంగే ఆ నలుపు. డాక్టర్లు ఈ జబ్బును సున్నా నుంచి ఆరు దాకా మెట్లుగా విభజించారు. మెలికలు తిరిగిన నరాలు రెండో మెట్టు, వాపు మూడోది, చర్మం మారడం నాలుగోది, మానిన పుండు ఐదు, మానని పుండు ఆరు. మీరు నాలుగులో ఉన్నారు. కాబట్టి లేజర్‌ను, అంటే పాడైన సిరను లోపలినుంచి వేడితో మూసేసే చికిత్సను, పండుగల సీజన్ అయ్యాక, పెళ్లిళ్ల సీజన్ అయ్యాక అంటూ వాయిదా వేయకండి. దురద పెట్టినచోట గోటితో గీరకండి, ఆ చర్మం మీద చిన్న గీత కూడా నెలల తరబడి మానని పుండు కాగలదు. రాత్రి పడుకునేముందు కొబ్బరినూనో వాజ్‌లైనో పలచగా రాయండి. పగలు రాస్తే జిడ్డుకు మేజోడు సాగిపోతుంది. నొప్పిగా ఉందని ఉబ్బిన నరాల మీద ఎవరిచేతా గట్టిగా మర్దన చేయించుకోవద్దు.

బీపీ మాత్ర గురించి ఒక మాట. ఆమ్లోడిపిన్ వాడేవారిలో కొందరికి ఆ మాత్ర వల్లే కాళ్లు వాస్తాయి. మామూలుగా ఆ వాపు రెండు కాళ్లకూ వస్తుంది. మీకు ఎడమ కాలికే ఎక్కువ కనుక అసలు కారణం సిరలే కావచ్చు, అయినా మీ వాపులో దాని వంతు కొంత ఉండవచ్చు. బీపీ చూసే డాక్టరును అడగండి. మాత్ర మీకు మీరుగా ఆపవద్దు.

వ్యాయామం మొదలుపెట్టే ముందు డాప్లర్ రిపోర్టు పట్టుకెళ్లి మీ సర్జన్‌ను మూడు సంగతులు అడగండి. లోతు సిరల్లో రక్తం గడ్డ ఏమైనా ఉందా, పాత గడ్డ ఆనవాళ్లు ఉన్నాయా? కాలి ధమనుల్లో రక్తప్రసారం బాగుందా? ఏ బిగువు మేజోడు వేసుకోవాలి? రెండో ప్రశ్నను తేలిగ్గా తీసుకోకండి. ధమనులు సన్నబడిన కాలికి గట్టి మేజోడు వేస్తే మేలుకు బదులు కీడు జరుగుతుంది. మీ నొప్పి తీరును మీరే గమనించవచ్చు కూడా. సిరల బాధ నిలబడితే పెరుగుతుంది, కాలు ఎత్తి పెట్టుకుంటే తగ్గుతుంది. ధమనుల బాధ కొంత దూరం నడవగానే పిక్క పట్టేసినట్టు వచ్చి, ఆగి నిలబడితే నిమిషాల్లో పోతుంది. రెండోది మీ నొప్పిలా అనిపిస్తే ఇక్కడినుంచి చదవడం ఆపి ముందు డాక్టరు దగ్గరికి వెళ్లండి.

మేజోళ్ల గురించి కాస్త ఎక్కువే రాస్తాను, ఎందుకంటే చాలామంది కొనుక్కుంటారు, వారం వేసుకుంటారు, బీరువాలో పడేస్తారు. బిగుతు, చెమట, వేసుకోవడానికి పావుగంట పడుతుందన్న విసుగు. సగం కష్టం వేసుకునే వేళలోనే ఉంది. పొద్దున్న నిద్ర లేచి, కాళ్లు కింద పెట్టకముందే వేసుకోవాలి. కాఫీ తాగి, వంట చేసి, దుకాణానికి బయలుదేరేటప్పుడు వేసుకుందామంటే అప్పటికే కాలు ఉబ్బి ఉంటుంది, మేజోడు ఎక్కదు. స్నానం పొద్దున్నే చేయాలనుకుంటే, తర్వాత పది నిమిషాలు కాళ్లు దిండు మీద ఎత్తి పడుకుని అప్పుడు వేసుకోండి. అంట్లు తోమే రబ్బరు గ్లౌజులు రెండు చేతులకూ తొడుక్కోండి, గుడ్డ జారకుండా పట్టు దొరుకుతుంది, గోళ్లు దిగి చిరగదు. మేజోడును మడమ దాకా లోపలి భాగం బయటికి తిప్పి, పాదం తొడిగి, మడమ గూడు సరిగ్గా మడమ మీదికి వచ్చిందో లేదో చూసి, అప్పుడు కొంచెం కొంచెంగా పైకి సర్దండి. పై అంచు పట్టుకుని గుంజితే కింద బిగువు పోయి పైన బిగుస్తుంది. మోకాలి కింద రెండు వేళ్ల దూరంలో ఆగాలి. అంచును మడవకూడదు. మడిచిన చోట రెట్టింపు బిగువై, కట్టు కట్టినట్టు రక్తాన్ని ఆపేస్తుంది.

పట్టీలు తీసేయండి. మేజోడు కింద ఉంటే చర్మంలోకి ఒత్తుకుంటాయి, పైన ఉంటే దారం లాగుతాయి. మెట్టెలు తీయనక్కర్లేదు, వేళ్ల దగ్గర తెరిచి ఉండే రకం అడిగి తీసుకోండి. కొలత పొద్దున్నే వాపు లేనప్పుడు ఇవ్వాలి: చీలమండ పైన అన్నిటికన్నా సన్నని చోట, పిక్క అన్నిటికన్నా లావైన చోట, అరికాలి నుంచి మోకాలి మడత దాకా పొడవు. చిన్న, మధ్య, పెద్ద సైజులంటూ అంచనాగా ఇచ్చేవి వద్దు. రోజూ చల్లటి నీళ్లలో ఉతికి, పిండకుండా, నీడలో ఆరేయండి. ఆరు నెలలకు సాగిపోతుంది, అప్పుడు కొత్తది కొనాలి. రాత్రి పడుకునేటప్పుడు తీసేయవచ్చు. వ్యాయామం చేసేటప్పుడు మాత్రం ఉండాలి.

ఇప్పుడు దుకాణం. మీ వ్యాయామంలో పెద్ద భాగం జరగవలసింది అక్కడే. జిమ్‌లో గంట గడిపి ఇక్కడ పదకొండు గంటలు స్తంభంలా నిలబడితే ఆ గంట దండగ. చీరలు మడతపెట్టే కౌంటరు అంచును రెండు చేతులతో తేలిగ్గా పట్టుకోండి. పాదాలు భుజాలంత ఎడంగా. రెండు మడమలూ ఎత్తి మునివేళ్ల మీదికి లేవండి, రెండు లెక్కపెట్టేంతసేపు. పైన ఒక క్షణం ఆగండి. మూడు లెక్కపెడుతూ నిదానంగా దిగండి. మడమ నేలకు పూర్తిగా ఆనాలి. చాలామంది ఇక్కడే తప్పు చేస్తారు: గబగబా ఎగురుతారు, మడమ ఆనీ ఆననట్టు. పిక్క పూర్తిగా సాగితేనే సిరల్లోకి రక్తం నిండుతుంది, పూర్తిగా బిగిస్తేనే పైకి పోతుంది. మొదట పది సార్లు, గంటకు ఒకసారి. రెండు వారాలయ్యాక పదిహేను, ఆ తర్వాత ఇరవై. పిక్క కొంచెం అలిసినట్టు అనిపించాలి, నొప్పి పుట్టకూడదు. నెల తర్వాత, పట్టు తప్పకుండా ఉంటే, ఒక్కో కాలి మీద విడిగా ప్రయత్నించవచ్చు.

కస్టమర్లు ఎదురుగా ఉన్నప్పుడు బరువు ఒక కాలి మీంచి మరో కాలి మీదికి మార్చుతూ ఉండండి. చీర తేవడానికి అలమర దాకా నడిచే పని ఎవరికో పురమాయించకండి, అది మీ వాటా. ఖాళీ దొరికితే కూర్చుని పాదాలను పైకీ కిందికీ ఆడించండి, తర్వాత గుండ్రంగా తిప్పండి. పరుపులు వేసి చీరలు చూపించే దుకాణమైతే బాసింపట్టు వేసుకుని గంటలు గడపడం కూడా మంచిది కాదు. కాళ్లు చాపుకోండి, అరగంటకోసారి లేవండి.

కూర్చోనివ్వరేమో మీ యజమాని. చాలా దుకాణాల్లో అంతే, కస్టమరు వచ్చినప్పుడు కూర్చుని కనిపిస్తే మర్యాద కాదంటారు. 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం 44వ సెక్షన్‌లో, నిలబడి పనిచేసేవారికి కూర్చునే ఏర్పాటు ఉండాలని రాసి ఉండేది. అది ఫ్యాక్టరీలకు. దుకాణాల విషయంలో 2018లో కేరళ, 2021లో తమిళనాడు తమ చట్టాలు సవరించి సేల్స్ సిబ్బందికి కూర్చునే హక్కు ఇచ్చాయి. కేరళలో దానికోసం గొంతెత్తినవారిలో ముందున్నది కోళికోడ్ దుకాణాల్లో రోజంతా నిలబడే మీలాంటి స్త్రీలే. మీ డాక్టరుతో ‘ఎక్కువసేపు నిలబడరాదు, మధ్యమధ్య కూర్చోవాలి’ అని చీటీ మీద రాయించుకుని యజమానికి చూపండి. నోటిమాట కన్నా చీటీకి విలువ ఎక్కువ. ఎత్తయిన స్టూలు ఒక్కటి వేసినా చాలు, కౌంటరు ఎత్తు సమస్య ఉండదు.

నడక. రోజుకు పది నిమిషాలతో మొదలుపెట్టండి, వారానికి ఐదు నిమిషాల చొప్పున పెంచి అరగంటకు చేర్చండి. వారంలో ఐదు రోజులు. నడుస్తూ మాట్లాడగలగాలి, పాట పాడలేకపోవాలి, ఆ వేగం సరిపోతుంది. హవాయి చెప్పులతో నడవవద్దు. అవి జారిపోకుండా వేళ్లతో పట్టుకుని పాదం ఈడ్చుకుంటూ నడుస్తాం, చీలమండ వంగదు, పిక్క పనిచేయదు. అంత నడిచీ ఫలితం సగమే. మడమ ముందు ఆని, పాదం దొర్లి, చివర వేళ్లతో నేలను నెట్టాలి. దానికి వెనక పట్టీ ఉన్న చెప్పులో, మెత్తటి షూసో కావాలి. ఎత్తు మడమలు పిక్కను ఎప్పుడూ కుదించి ఉంచుతాయి, వాటిని పెళ్లిళ్లకు కూడా మానేయమంటాను. చీర కుచ్చెళ్లు అడుగు సాగనివ్వవు, పొద్దున నడకకు పంజాబీ డ్రెస్సు వేసుకోండి. బెజవాడ ఎండ సంగతి మీకు చెప్పాలా? వేడికి సిరలు సాగుతాయి, వాపు పెరుగుతుంది. వేసవిలో ఆరున్నరలోపు నడక ముగించండి. తర్వాత కాళ్ల మీద చన్నీళ్లు పోసుకోండి, వేన్నీళ్లు కాదు. ఆ వెంటనే పావుగంట పడుకుని, పాదాలు గుండెకన్నా ఎత్తులో ఉండేలా గోడకో దిండ్లకో ఆనించండి. యోగాలో గోడకు కాళ్లు ఆనించే విపరీతకరణి ఇదే. దీనికి మించిన ఆసనం మీకు అక్కర్లేదు. సూర్య నమస్కారాలు అలవాటుంటే నెమ్మదిగా చేసుకోండి. వజ్రాసనం, పద్మాసనం ఎక్కువసేపు వద్దు. శీర్షాసనం బీపీ ఉన్నవారికి అసలే వద్దు.

మీ ఆడపడుచుతో జిమ్‌కు వెళ్లండి, తోడు ఉంటే మానేయరు. ట్రెడ్‌మిల్ మీద నడక, కదలని సైకిలు తొక్కడం మీకు చక్కగా సరిపోతాయి. సైకిలు సీటు ఎత్తు చూసుకోండి, పెడల్ కిందికి వెళ్లినప్పుడు కాలు దాదాపు చాపినట్టు ఉండాలి. బరువుల దగ్గరే జాగ్రత్త. బరువు ఎత్తేటప్పుడు ఊపిరి బిగబడితే పొట్టలో ఒత్తిడి పెరిగి, కాళ్ల నుంచి పైకి వచ్చే రక్తానికి అడ్డు పడుతుంది. ఎత్తేటప్పుడు ఊపిరి వదలాలి, దింపేటప్పుడు పీల్చాలి. ఊపిరి బిగబట్టకుండా ఎత్తలేని బరువు మీది కాదు. ట్రైనర్ భుజాల మీద బరువు పెట్టి గుంజీలు తీయమంటే, మీ మేజోడు చూపించి వద్దనండి. బరువు లేకుండా, సగం దాకా వంగే గుంజీలు పర్వాలేదు. మలబద్ధకం ఉంటే దాన్నీ సరిచేసుకోండి, రోజూ ముక్కడం కూడా అదే ఒత్తిడి.

స్విమ్మింగ్ పూల్ దగ్గరలో ఉంటే దాన్ని మించింది లేదు. ఈత రాకపోయినా ఛాతీ లోతు నీళ్లలో నడవండి. మీటరు లోతున నీరు కాలి మీద వేసే ఒత్తిడి, అదే బీపీ కొలతలో, దాదాపు 74. మీకు రాసే మేజోడు బిగువు మామూలుగా ముప్పైకి అటూ ఇటూ. చర్మం మీద పుండో, పగులో ఉంటే మాత్రం పూల్‌లో దిగవద్దు. పరుగు, తాడాట నిషేధమేమీ కాదు, కానీ పదిహేనేళ్లుగా నిలబడిన కాలికి అవి మొదటి పాఠం కావు.

ఇవి కనిపిస్తే వ్యాయామం ఆపేయండి. ఒక కాలి పిక్క ఉన్నట్టుండి వాచి, గట్టిబడి, వేడిగా, నొప్పిగా ఉంటే లోతు సిరలో గడ్డ కట్టి ఉండవచ్చు. మర్దన చేయకుండా, నడవకుండా, ఆ పూటే ఆసుపత్రికి వెళ్లాలి. దానితోపాటు ఆయాసం, ఛాతీ నొప్పి, దగ్గితే రక్తం ఉంటే వెంటనే 108కి ఫోన్ చేయండి. ఉబ్బిన నరం తాడులా గట్టిపడి ఎర్రగా నొప్పి పెడితే ఒకటి రెండు రోజుల్లో డాక్టరుకు చూపించండి. ఇక మీ అత్తగారు భయపడేది, నరం చిట్లి రక్తం రావడం. అది జరగవచ్చు, నడక వల్ల కన్నా గోకడం వల్ల, దెబ్బ తగలడం వల్ల. రక్తం ధారగా వచ్చి భయపెడుతుంది. చేయవలసింది తేలిక. వెంటనే పడుకుని కాలు ఎత్తాలి, శుభ్రమైన గుడ్డతో ఆ చోటును పదిహేను నిమిషాలు, మధ్యలో తీసి చూడకుండా, గట్టిగా నొక్కి పట్టాలి. పైన తాడు బిగించి కట్టవద్దు. ఇది మీ అత్తగారికి కూడా చేసి చూపించండి, ఆవిడ భయం సగం పోతుంది. రక్తం ఆగినా ఆ రోజే డాక్టరును కలవాలి.

ఇప్పుడు కొండ. నడకదారులు రెండున్నాయి కదా. శ్రీవారి మెట్టు దారిలో 2388 మెట్లు, దూరం తక్కువ, కానీ ఎక్కుడు ఒకే పట్టున సాగుతుంది. మీరు మొక్కిన అలిపిరి దారి పొడవు ఎక్కువ. గాలిగోపురం దాకా కష్టం, ఆ తర్వాత చాలా దూరం దాదాపు చదునుగా నడవవచ్చు, చివర మోకాళ్ల పర్వతం దగ్గర మళ్లీ నిటారు. సిరల దృష్టితో చూస్తే నేనూ అలిపిరే మంచిదంటాను, ఎక్కుడుకూ ఎక్కుడుకూ మధ్య పిక్క తేరుకోవడానికి చోటుంది. ముందు మీ బీపీ అదుపులో ఉందో, గుండె ఆ శ్రమ తట్టుకుంటుందో చూపించుకోండి, ఇది సిరలకన్నా ముఖ్యం. నడక అరగంటకు చేరిన తర్వాత వారానికి మూడు రోజులు మెట్లు ఎక్కడం కలపండి. మీ అపార్టుమెంటులో లిఫ్టు మానేసినా చాలు. ఆగకుండా ఐదారు అంతస్తులు ఎక్కి, మాట్లాడగలిగే స్థితిలో ఉంటే మీరు దాదాపు సిద్ధమైనట్టే.

మొక్కు ఎలా మొక్కారో నాకు రాయలేదు. ఉత్త నడకే అయితే ఇబ్బంది లేదు. మెట్టు మెట్టుకూ పసుపు కుంకుమ పెడతానని మొక్కి ఉంటే, మూడున్నర వేల సార్లు వంగి లేవాలి. బీపీ మాత్రలు వాడే మనిషికి అది తల తిరిగే పని. పెట్టే పని మీ అబ్బాయికి అప్పగించి మీరు వెంట నడవండి, మొక్కు అతని కోసమే కదా. మోకాళ్ల మీద మాత్రం ఎక్కవద్దు.

మెట్ల మీద మేజోడు ఉండాలి, కానీ చెప్పులు వదిలేసి నున్నటి రాతి మీద మేజోడుతో నడిస్తే జారుతుంది. అడుగున రబ్బరు చుక్కలున్న సాక్సులు దొరుకుతాయి, పైన తొడుక్కోండి. వంద నూటయాభై మెట్లకు ఒకసారి ఆగండి, ఆగినప్పుడు నిలబడిపోకుండా గట్టు మీద కూర్చుని కాళ్లు చాపండి. నీళ్లు తాగుతూ ఉండండి. చిరుతల సంచారం వల్ల 2023 నుంచి నడకదారి వేళల మీద ఆంక్షలు మారుతూ వచ్చాయి, బయలుదేరే ముందు కనుక్కోండి.

పైకి చేరాక ఎక్కువమంది చేసే పని, స్నానం చేసి నేరుగా క్యూలో నిలబడటం. మెట్లెక్కేటప్పుడు గంటల తరబడి పనిచేసిన పిక్క ఒక్కసారిగా ఆగిపోతుంది. శ్రమకు వేడెక్కి సాగిన సిరల్లో రక్తం నిలుస్తుంది. మర్నాడు కాలు వాచిందంటే తప్పు మెట్ల మీద వేస్తారు. నా మాట వింటే ఎక్కిన రోజు దర్శనం పెట్టుకోకండి. మర్నాటికి వేళ నిర్ణయించిన టికెట్టు ముందే తీసుకోండి. ఆ రాత్రి గదిలో కాళ్లు ఎత్తుకుని పడుకోండి. క్యూలోకి మేజోడుతోనే వెళ్లండి. కంపార్టుమెంటులో కూర్చోబెట్టినప్పుడు బాసింపట్టు వేయకుండా కాళ్లు చాపి పాదాలు ఆడించండి. వరుస ఆగినచోటల్లా, దుకాణంలో చేసినట్టే, మడమలు ఎత్తి దించండి. గోవింద నామంతో కలిపి లెక్కపెట్టుకుంటే ఎవరూ వింతగా చూడరు. తిరుగు ప్రయాణం బస్సులో అయితే గంటకోసారి కాళ్లు ఆడించాలి, రైల్లో అయితే పడుకుని పాదాల కింద బ్యాగు పెట్టుకోండి.

లేజర్ ముందా, కొండ ముందా అని మీరు తప్పకుండా అడుగుతారు. లేజర్ ముందు. చేసిన రోజే నడిపిస్తారు, నడవడం అవసరం కూడా. బరువులు, గట్టి వ్యాయామం ఒకటి రెండు వారాలు ఆపమంటారు. మెట్లకు ఎన్ని వారాలు ఆగాలో మీ సర్జన్ స్కాన్ చూసి చెప్పాలి. నిలిచిన రక్తం దారి మళ్లించిన కాలితో సాధన మొదలుపెడితే పిక్క పడే శ్రమకు ఫలితం ఎక్కువ. ఇవాళ డేటు తీసుకుంటే, సాధనకు రెండు మూడు నెలలు కలుపుకుని, వేసవి రాకముందే వెళ్లిరావడానికి వీలుంటుందేమో సర్జన్‌తో కూర్చుని లెక్క చూసుకోండి. వీలు కాకపోతే వచ్చే చలికాలానికి పెట్టుకోండి. మే నెల ఎండలో మాత్రం బయలుదేరవద్దు.